నాలుగు గదులూ నావే

కలకత్తా,
జూన్ 1968

చినబావకి,

క్షేమాలూ గీమాలూ ఆఖర్న రాస్తాను బావా, ముందు నా కోపం రాసుకోనీ. ఎవరికో ఒకరికి చెప్పకపోతే తల పగిలిపోయేటట్టున్నాది. నాన్నకి రాస్తే ఖరగపూర్లో రైలెక్కి తిన్నగా ఇక్కడికొచ్చి, "ఉద్యోగం వద్దు ఏటీ వద్దు, పద ఇంటికి" అంటాడు. అందుకని నీకు రాస్తన్నాను.

నువ్వూ పెదబావా పని చేసే జూట్ మిల్లు లెక్కలు, ఇంకా మా కంపెనీకి ఉన్న మిగతా మిల్లుల లెక్కలు అన్నీ ఇప్పుడు ఇక్కడ హెడ్డాఫీసులో కంప్యూటరు మీద నడుస్తన్నాయి కదా. నేను చేరి రెండేళ్లయ్యింది. ప్రోగ్రాం రాయడమంటే ఏటే అని కిందటిసారి అడిగేవు. ఆ మిషనుకి పని చెప్పడం, అంతే. కానీ అది వట్టి మొద్దు, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాలి. లెక్క ఎవరికి కావాలో ముందు వాళ్ల దగ్గర కూచుని అడగాలి. పని ఎలా నడవాలో బొమ్మ గీసుకోవాలి. ఆ బొమ్మని మిషనుకి తెలిసే భాషలో రాయాలి. రాసింది అట్టకార్డుల మీద కన్నాలుగా కొట్టాలి. ఆ కట్ట పట్టుకెళ్లి చలిగదిలో మిషనుకి పెట్టాలి. తప్పొస్తే మళ్లీ మొదటికి. ఇదంతా నేనే చేసేదాన్ని. ఆఖర్న కాయితం మీద అచ్చయి బయటికొస్తంటే ఎంత బాగుంటాదో నీకు చెప్పలేను. నేనే బజారుకెళ్లి, నేనే తరిగి, నేనే వండిన కూర అది.

ఇప్పుడు కొత్త మేనేజరొచ్చాడు. విలాయతులో చదివొచ్చాడట. వచ్చిన వారానికే హాలుకి అడ్డంగా చెక్కగోడలు కట్టించి నాలుగు గదులు చేశాడు. బొమ్మలు గీసేవాళ్లకి ఒకటి, రాసేవాళ్లకి ఒకటి, కన్నాలు కొట్టేవాళ్లకి ఒకటి, మిషనుకి ఒకటి. ఒక గదివాళ్లు ఇంకో గదిలో కాలు పెట్టకూడదు. మధ్యలో చిన్న కిటికీలు పెట్టించాడు, సినిమా టికెట్లిచ్చినట్టు అందులోంచి కాయితాలు అందించుకోవాలి. "ఎవరి పని వాళ్లు చేస్తే చాలు, మిగతాది ఎవరికీ అక్కర్లేదు" అన్నాడు.

మనిషికొక కాయితం ఇచ్చి, నాలుగింట్లో ఒక్కదానికి టిక్కు పెట్టమన్నాడు. నన్ను మాత్రం విడిగా పిలిచి, ఆడపిల్లలవి సున్నితమైన వేళ్లు, కన్నాలు కొట్టే గది బాగుంటుంది అన్నాడు. నా వేళ్లు నువ్వు చూశావు కదా బావా, కట్టెలు కొట్టిన వేళ్లు.

నాలుగింటికీ టిక్కు పెట్టేశాను. కింద సంతకం పెట్టి ఆయన బల్ల మీద పడేసి వచ్చేశాను. ఏటి చేస్తాడో చూడాలి.

ఇక క్షేమాలు. నేను బాగున్నాను. ఇక్కడ ముసురు పట్టింది, బట్టలారడం లేదు. అత్తకి దండాలు. మన పెళ్లి సంగతెత్తితే ఇప్పుడే కాదని నువ్వే సర్దిచెప్పు.

నీలవేణి


చీపురుపల్లి,
జులై 1968

ఒసే నీలవేణీ,

నీ ఉత్తరం సదివి నవ్వాలో ఏడవాలో తెలీనేదు. నాలుగింటికీ టిక్కెట్టీసినాను అని మీసం మెలేసినట్టు రాసినావు. నీకు బుర్రున్నాదా?

మా మిల్లులో ఏటయినాదో ఇను. మొన్న మా మేనేజరు ఆర్డరేసినాడు. నూలు తీసినోడే మిషనుకి నూని పొయ్యాల, ఆడే బాబిన్లు మొయ్యాల, కింద పడిన నార ఆడే ఊడవాల. అన్ని పన్లూ ఒచ్చినోడే అసలు పనోడంట. అచ్చం నీలాగే మాటాడినాడు. మరి నూని పోసే అసిరయ్య ఏటైపోవాల? ఊడిసే దాలమ్మ ఏటి తిని బతకాల? ఒకడు నాలుగు పన్లు సేత్తే ముగ్గురు ఇంటికి పోతారే. మేం మిషన్లు ఆపీసినాం. ఒక మనిషికి ఒక పని అని గేటు కాడ అరిసినాం. నా గొంతు పోయినాది, మూడ్రోజులు సైగలు సేసుకు బతికినాను. ఆఖరికి ఆర్డరు ఎనక్కి తీసుకున్నాడు.

యూనియన్ కమిటీలో ఉన్నోడ్ని నాను. నా మరదలు కలకత్తాలో కూకుని నాలుగు పన్లూ నాకే కావాల అంటన్నాదని తెలిత్తే నాను ఏ మొకం పెట్టుకుని మాటాడాల? నువ్వు నాలుగు కుర్చీలు ఆక్రమించీసుకుంటే మిగతా ముగ్గురి నోట్లో మట్టి కొట్టినట్టు కాదేటి?

ఒక పని పట్టుకో. గట్టిగా పట్టుకో. అందులో నీకు సాటొచ్చినోడు నేడనిపించుకో. అప్పుడు ఆ మేనేజరు బాబు కూడా నిన్ను కదపలేడు. నాను నూలు తీత్తాను. ఇంకేటీ తియ్యను. కానీ నా కాడ నూలు తెగదు, అది మిల్లంతా ఎరుగుదురు.

అమ్మ మాగమాసంలో ముహూర్తాలున్నాయని రోజూ సెవిలో జోరీగలాగ అంటన్నాది. నువ్వు సెప్పమన్నట్టే సెప్పినాను. అయినా పెల్లయినాక నీకెలాగూ ఒకటే పని కదే, ఇప్పుడు నాలుగింటి కోసం ఈ గోలెందుకు?

నీ బావ
సినబాబు


కలకత్తా,
ఆగస్టు 1968

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఎక్కువ మండింది.

పెళ్లయ్యాక నాకు ఒకటే పనా? మీ అమ్మ ఇప్పుడు ఎక్కడున్నాదో లేచి చూడు. పేడ తీస్తన్నాదా, నీళ్లు మోస్తన్నాదా, వండుతన్నాదా, చేలో వరినాట్లు ఊడుస్తన్నాదా, గేదెకి కుడితి పెడతన్నాదా, వీధిలో ఎవరికైనా పురుడు పోస్తన్నాదా? మీ ఇద్దరికీ జొరమొస్తే డాక్టరు కూడా ఆవిడే. ఒక మనిషికి ఒక పని అని అరిచి గొంతు పోగొట్టుకున్నావు కదా, అత్తకి ఏ ఒక్క పని రాయించావు? ఆవిడ కోసం ఏ మిషను ఆపేవు? అడుగుతన్నాను, జవాబు రాయి.

ఇంకో మాట. మీ మేనేజరు నాలుగు పన్లు మీ నెత్తిన పడేస్తే మీరు వద్దన్నారు. మా మేనేజరు నా చేతిలో పని లాక్కుంటే నేను వద్దన్నాను. రెండు చోట్లా మనల్ని అడక్కుండా చేసింది కుర్చీలో కూచున్నాయనే. నువ్వు ఆయన్ని వదిలేసి నన్ను తిడతన్నావు. అన్నీ నేనే చేసి మిగతావాళ్లని పంపించేయమని నేను ఎప్పుడన్నాను? అందరికీ అన్నీ తెలియనివ్వండి, గోడలు తియ్యండి అన్నాను.

నా టిక్కులకి జవాబొచ్చింది. కన్నాల గదికి పంపేశాడు. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు పొద్దస్తమానం ఒకటే చప్పుడు. అంతా ఆడపిల్లలే. కూర్మమ్మని ఒకమ్మాయి ఉన్నాది, మన కోటబొమ్మాళి వాళ్లే, వాళ్ల నాన్నా మా నాన్నా ఖరగపూర్ రైల్వేలో ఒకే వర్కుషాపు. ఆ పిల్ల వేళ్లు చూస్తంటే నాకు కళ్లు తిరుగుతన్నాయి. కాయితం మీదే చూపు, చేతుల కేసి చూడదు. నేను పది తప్పులు కొట్టేలోపు ఆవిడ పది కార్డులు కొట్టేస్తాది. నువ్వు చెప్పిన గట్టిగా పట్టుకోవడం అంటే ఇదే కాబోలు. ఆ మాట వరకూ ఒప్పుకుంటాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తన్నాను, జాగర్తగా చదువు. మీ మిల్లులో పర్మినెంటు కూలీల లిస్టు కొత్తగా కార్డులకి ఎక్కిస్తన్నారు. నిన్న నాకొచ్చిన కాయితంలో మీ ఇంటిపేరు కనబడితే సంబరపడ్డాను. కింద చూస్తే ఏటున్నాది? బాబు, బాబు. ఒకే తండ్రి పేరు, ఒకే ఊరు, రెండు వరసలు. పెదా లేదు, చినా లేదు. దాని కింద అసిరయ్య, అసిరయ్య. ఇంకా కిందకి మన రామతీర్థం రాముడికి మొక్కుకున్న ఇల్లు ఉన్నాది కదా, పెదరాముడు, నడిపిరాముడు, చినరాముడు, వాళ్లు ముగ్గురూ ఉత్త రాముళ్లయి కూచున్నారు.

గది తర్వాత గది దాటి, కసురుకుంటన్నా వినకుండా, బొమ్మలు గీసే గదికెళ్లి అడిగాను. అది గీసిన పెద్దమనిషి ఏటన్నాడో తెలుసా? "పెద అంటే ఏమిటి?" అన్నాడు. పెద్ద అన్నాను. "చిన?" చిన్న అన్నాను. "అయితే అవి పేర్లు కావుగా, పొడుగూ పొట్టీ కూడా కార్డు మీద రాయమంటావా?" అని నవ్వాడు. పైగా, ఒకే పేరూ ఒకే తండ్రీ ఒకే ఊరూ రెండుసార్లొస్తే మిషను రెండోది పొరపాటనుకుని తీసేసేటట్టు గీశాడట. మా ఊళ్లో దేవత పేరు మొక్కుకుంటే కొడుకులందరికీ అదే పేరు పెడతారండీ, ముందున్న మాటతోనే మనిషి తెలిసేది అన్నాను. నీ గదిలోంచి కాయితం మీద రాసి పంపించు అన్నాడు. పంపించాను. కన్నాల గది కన్నాలు కొడితే చాలని దాని మీద మేనేజరు రాసి తిప్పి పంపాడు.

నువ్వు మీ మిల్లు గుమాస్తాకి చెప్పు. పెద, చిన లేకుండా లిస్టు తీసుకోవద్దని గట్టిగా చెప్పు. ఇది ఆట కాదు.

నీలవేణి


చీపురుపల్లి,
అక్టోబరు 1968

నీలవేణీ,

నాను గుమాస్తాకి సెప్పనేదు. ఉన్నదున్నట్టు రాత్తన్నాను. మేనేజరు మీద కోపంతో గోరంతది కొండంత సేసి రాసినావనుకున్నాను.

సోమారం పొద్దున్న మిల్లు కూత ఏసినారు. అన్నా నానూ గేటు కాడికెల్లినాం. కొత్త లిస్టు ఒచ్చినాది, అచ్చు కాయితం, ఎంత సొగసుగా ఉన్నాదో! గుమాస్తా పేరు సదువుతన్నాడు, పిలిసినోడు లోపలికెల్తన్నాడు. బాబు అన్నాడు. అన్న ఎల్లినాడు. నాను నిలబడ్డాను. మరి పిలవడు. అసిరయ్య అన్నాడు, పెదసిరయ్య ఎల్లినాడు. రాముడు అన్నాడు, పెదరాముడెల్లినాడు. గేటు ఏసీసినారు. బయట సూత్తే ఏటున్నాది, సిన్నోల్లం అందరం మిగిలిపోయినాం. నడిపోల్లు కూడా. ఎడతెగని సిన్నోల్లు, ఊరూరికీ ఉన్నారు.

ఇదేటి బాబూ, పదేల్లై పని సేత్తన్నాను అంటే, లిస్టులో నేవు అంటాడు. ఎదురుగా ఉన్నాను కదా అంటే, కంప్యూటరు ఒప్పుకోదు అంటాడు. నాను నూలు తీసిన మిషను నాకు కనబడతన్నాది, దాని కాడ ఎవుడో నా బదులు పెట్టిన బదిలీ గుంటడు తెగిన పోగులు అతుకుతన్నాడు.

మా మేనేజరు కలకత్తాకి టెలిగ్రాం ఇచ్చినాడు. ఏ గదిలో తప్పు జరిగినాదో ఇచారిత్తన్నాం అని జవాబొచ్చినాది. గదులేటే? నన్ను తీసీసినోడు ఎవుడో ఒకడుండాల కదా? ఆడి పేరు రాయి. నువ్వక్కడే ఉన్నావు, నీ కల్ల ముందే నన్ను తీసీసినారు. నువ్వు సెప్పినావు, నాను ఇననేదు, అది వేరే సంగతి. ఇప్పుడు నాకు ఒక్క పేరు కావాల, ఆడి సొక్కా పట్టుకుని అడగాల.

అమ్మ రెండ్రోజుల నుంచి నాతో మాటాడ్డం నేదు. నీ ఆగస్టు ఉత్తరం సదివి ఇనిపించినాను, అందుకు.

సినబాబు


కలకత్తా,
అక్టోబరు 1968

బావా,

పేరు అడిగావు. లేదు. అదే నా ఏడుపు.

బొమ్మ గీసినాయన, పేరూ తండ్రీ ఊరూ చాలన్నారు, అంతే గీశాను అన్నాడు. రాసినాయన, బొమ్మలో ఉన్నదే రాశాను అన్నాడు. మా పిల్లలు, రాసిందే కొట్టాం అన్నారు. మిషను గదివాడు, పెట్టింది తిప్పాను అన్నాడు. నలుగురూ నిజమే చెప్పారు! నలుగురూ వాళ్ల పని తప్పు లేకుండా చేశారు! నువ్వు గేటు బయటున్నావు. మొత్తం పని ఒక్కరి కళ్ల ముందునించి పోయుంటే ఆ బాబు, బాబు అన్న చోట ఆగేవాళ్లు. ఇక్కడ ఆగింది నేనొక్కదాన్నే, నన్ను ఆగొద్దన్నారు.

ఈ మాటలన్నీ మేనేజరు గదిలో మొహం మీదే అన్నాను. అందరూ పని వదిలేసి విన్నారు, చెక్కగోడలు కదా.

సాయంత్రం పిలిచాడు. చాలా మర్యాదగా కూచోమన్నాడు. హెడ్డాఫీసు పైవాళ్లు ఆయన పీక పట్టుకున్నారని తర్వాత తెలిసింది. ఒక కాయితం చూపించాడు. కన్నాల గదిలో పిల్లలు అశ్రద్ధగా పెద, చిన మాటలు వదిలేశారని అందులో ఉన్నాది. ఆ గదిలో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి నన్ను సంతకం పెట్టమన్నాడు. ఆ కాయితాలు కొట్టింది ఎక్కువ కూర్మమ్మే, ఆవిణ్ని పంపించేస్తే పైవాళ్లు ఊరుకుంటారు అన్నాడు.

తర్వాత ఆశ చూపించాడు. సంతకం పెడితే రేపే నన్ను మొదటి గదిలోకి తీసుకుంటాడు. మీ లిస్టు దిద్దే పని మొత్తం, ఏ గోడా లేకుండా, నాకే ఇస్తాడు. ఈ వారంలోనే కొత్త లిస్టు మీ మిల్లుకి చేరుతుంది, మీరంతా లోపలుంటారు. సంతకం పెట్టకపోతే విచారణ నెలల తరబడి సాగుతుంది, నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదని గుర్తు పెట్టుకో అన్నాడు.

ఆ పని నాకు ఎంత కావాలో నీకు తెలీదు బావా. రోజూ ఆ గది ముందునించి వెళ్తంటే కాళ్లు అటే లాగుతన్నాయి. వెంటనే వద్దని చెప్పలేకపోయాను. ఆలోచించి చెప్తానన్నాను, అలా అన్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది. కూర్మమ్మ ఏటీ తెలీకుండా మధ్యాహ్నం నా డబ్బాలో చింతకాయ పచ్చడి వేసింది.

నేను ఎవర్నీ అడిగి చేసేదాన్ని కాదు. కానీ ఇది నీ కూటి మీద పడ్డ సంగతి. నీతో పాటు గేటు దగ్గర అంతమంది ఉన్నారు. పెట్టమంటావా, వద్దంటావా? బేగి రాయి.

నీలవేణి


చీపురుపల్లి,
నవంబరు 1968

పెట్టకు.

ముందు ఆ మాట రాసీసినాను, మిగతాది ఇంద.

నీ ఉత్తరం గేటు కాడే అందరికీ సదివి ఇనిపించినాను. దాపరికం ఏటి, అందరి కూడూ కదా. సినరాముడు ముందు పెట్టీమన్నాడు. ఆడికి సంటి పిల్లలు, నాను తప్పు పట్టను. అప్పుడు మా అమ్మ, అంబలి కుండ దింపతా, ఏటిరా, ఆ కోటబొమ్మాళి గుంటకి తల్లి నేదేటి, దాన్ని తోసీసి మీరు లోపలికెల్తారేటి అన్నాది. సినరాముడే, అయితే పెట్టొద్దని రాసీ అన్నాడు. అమ్మ నాతో మాటాడతన్నాది ఇప్పుడు. నానే నీల్లు మోత్తన్నాను ఇంటికి. నవ్వకు.

నిన్న ఏటయినాదంటే, కూత ఏసినాక పెద్దోల్లంతా లోపలున్నారు కదా, మా అన్న మిషను ఆపీసి బయటికొచ్చి నా పక్కన కూకున్నాడు. ఆడి ఎనకాల పెదసిరయ్య. తరవాత పెదరాముడు. మజ్జేనానికి పెదలంతా బయటే. తమ్ముడు నేని పేరు మాకెందుకు, తమ్ముడు నేకుండా పెదేటి అన్నారు. మిల్లు సప్పుడు ఆగిపోయినాది. నువ్వుంటే సూద్దువు. నాను ఏడిసినాను, అందరి ముందే ఏడిసినాను, సిగ్గేటి.

పోలీసులొచ్చి, మీరు కొండల్లో పార్టీవోల్ల మనుషులా అని అడిగినారు. కాదు బాబూ, మేం తమ్ముల్లం అన్నాం. ఆల్లకి ఏటి రాసుకోవాలో తెలీక ఎలిపోయినారు.

ఇదిగో, ఇంకొకటి. ఒక మనిషికి ఒక పని అని అరిసినోడ్ని నానే. ఇప్పటికీ అరుత్తాను, మా మేనేజరు మొకం మీద. కానీ నా పేరు నాలుగు గదుల్లో ముక్కలై పోయినాక తెలిసినాది, ఏ పనికైనా మొదలు కాడ్నుంచి సివరిదాకా సూసినోడు ఒకడుండాల. ఆ ఒక్కదానివి నువ్వే. కానీ కూర్మమ్మని బయటికి తోసి ఇచ్చిన గది నీకొద్దు. ఇచ్చినోడు మల్లీ తీసుకుంటాడు. ఆడిచ్చేదేటి, నువ్వే తీసుకో.

మేం కూకున్నాం. తొందర నేదు.

సినబాబు


కలకత్తా,
డిసెంబరు 1968

బావా,

లిస్టు బయల్దేరింది. ఈ ఉత్తరం అందేసరికి మీ గేటు దగ్గరుంటాది. గుమాస్తా చదువుతన్నప్పుడు దగ్గర నిలబడి విను. ఒక్క తమ్ముడు తగ్గినా నాకు టెలిగ్రాం ఇయ్యి, కానీ తగ్గడు.

నీ ఉత్తరం అందిన పొద్దున్నే మేనేజరు దగ్గరికెళ్లి, పెట్టను అన్నాను. అయితే నేను వేరేవాళ్ల చేత పెట్టిస్తాను అన్నాడు. తిన్నగా మా గదికొచ్చి ఆ కాయితం సంగతి, ఆయన నాకిస్తానన్న గది సంగతి, నేను వెంటనే వద్దనలేకపోయిన సంగతి కూడా పిల్లలందరికీ చెప్పేశాను. కూర్మమ్మ తిడతాదనుకున్నాను. తన మిషను స్విచ్చి కట్టేసింది. పక్కమ్మాయి కట్టేసింది. నువ్వు మిల్లు చప్పుడు ఆగిపోయిందని రాశావే, అది ఎలాగుంటాదో అప్పుడు తెలిసింది. ఒక పని వాళ్లంతా ఒక్కటైతే ఎంత బలమో నువ్వు చెప్పింది నిజమే. నేను నాలుగు గదుల్లో ఒక్కదాన్నీ తిరిగినన్నాళ్లూ నాకది తెలియలేదు.

కార్డులు లేకపోతే మిషను తింటాది ఏటి? ఖాళీగా గుర్రుమంటా కూచుంది. అటు మీ మిల్లు ఆగింది, ఇటు మిగతా మిల్లుల లెక్కలూ ఆగాయి. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆఖరికి మేనేజరే మా గది గుమ్మంలోకి వచ్చాడు. ఏం కావాలి అన్నాడు. ఆ కాయితం చింపెయ్యండి, తలుపులు తియ్యండి, ఆ లిస్టు నాకివ్వండి అన్నాను. కాయితం చింపాడు. తలుపులు ఈ ఒక్క పనికే అన్నాడు. సరే, ముందు తియ్యండి అన్నాను.

మీ మిల్లు పాత జీతాల పుస్తకం తెప్పించి, మళ్లీ బొమ్మ నేనే గీశాను. పెద, నడిపి, చిన పేరులోనే ఉండేటట్టు, రెండోవాణ్ని మిషను తియ్యకుండా పక్కన పెట్టి మనిషిని అడిగేటట్టు. ప్రోగ్రాం రాశాను. రాసే గదిలో ఒకాయన ఇన్నాళ్లూ నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు, కుర్చీ లాక్కుని పక్కన కూచుని, ఇంత పొడుగెందుకమ్మా, ఇలా రాయి అని సగానికి సగం తగ్గించాడు. బాగా రాస్తాడు, నాకంటే బాగా. కార్డులు కూర్మమ్మ కొట్టింది. నేనే కొడతానంటే, నీ తప్పులు దిద్దే ఓపిక నాకు లేదక్కా, లేచి పక్కన నిలబడు అన్నాది. నిలబడ్డాను. నడిపివాళ్లలో ఇద్దర్ని నేను చినవాళ్ల కింద రాసేస్తే పుస్తకం చూసి కూర్మమ్మే పట్టుకుంది. కట్ట తీసుకుని అందరం ఒకేసారి చలిగదిలోకి వెళ్లాం. అంతమందిని చూసి అక్కడివాడు జడుసుకున్నాడు, కానీ మిషను తిప్పాడు.

కాయితం మీద పెదబాబు, దాని కింద చినబాబు. నేను గట్టిగా అరిచాను బావా. ఆఫీసులో అలా అరవకూడదు. కూర్మమ్మ కూడా అరిచింది.

లిస్టు పోస్టు చేసిన మర్నాడు చెక్కతలుపులు మళ్లీ మూసేశారు. నన్ను తీసేశారు. పర్మినెంటు కాదు కదా, ఎవరికీ చెప్పుకునేది లేదు. పిల్లలు మళ్లీ మిషన్లు కట్టేస్తామన్నారు. ఇప్పుడు వద్దు, కూర్మమ్మ మీదకొస్తే అప్పుడు కట్టండి అన్నాను. వాళ్లు మాటిచ్చారు.

నా గురించి బెంగ పెట్టుకోకు, నాన్నకి నేను రాసుకుంటాను. టాటానగర్లో ఒక చిన్న కార్ఖానావాళ్లు కొత్తగా మిషను కొన్నారు, మనుషులు దొరకడం లేదట. రాసే గదిలో ఆయనే నా పేరు చెప్పాడు. వెళ్లి మాట్లాడొచ్చాను. నీకు ఏ పనొచ్చు అని అడిగారు, మొత్తం అన్నాను. వాళ్లకి ఇంకా గదులు కట్టేంత స్థలం లేదు. కొత్త సంవత్సరంలో చేరతాను. చేరగానే ఒక కూర్మమ్మ లాంటి పిల్లని అడుగుతాను, ఈసారి ఆ పిల్లకి బొమ్మ గియ్యడం కూడా నేర్పిస్తాను, నేర్చుకుంటానంటేనే.

అత్త పెళ్లి సంగతెత్తితే ఇప్పుడు అవునని చెప్పు. కానీ నా పని వదిలి రమ్మనకు, మిల్లు వదిలి రమ్మని నేనూ అడగను. రైలుంది, ఎక్కుదాం.

తీసేస్తన్నట్టు ఇచ్చిన కాయితంలో కారణం రాశారు. తనది కాని పనిలో తలదూర్చింది అని. అది మేనేజరు చేత్తోనే ఇచ్చాడు. నేను వెంటనే వెళ్లిపోలేదు. మీ లిస్టు నకలు ఒకటి ఆయన బల్ల మీదే ఉంటే తీసి ముందు పరిచాను. వీడు నా బావ, వీడు మా పెదబావ, ఈ అసిరయ్యలు మా వీధివాళ్లు, ఈ రాముళ్ల పెళ్లిళ్లకి నేను భోజనాలు వడ్డించాను అని ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి చెప్పాను. ఇందులో నాది కాని పని ఏదో మీరు ఒక్కటి చూపించండి అన్నాను. ఆయన ఆ నకలు మడిచి సొరుగులో పెట్టేసుకున్నాడు.

నీ నీలవేణి